కారుణ్య మరణం: అడిగేది ఎవరు, అడిగించేది ఏమిటి

మూసీకి ఉత్తరపు ఒడ్డున ఉస్మానియా ఆసుపత్రి, దక్షిణపు ఒడ్డున హైకోర్టు. ఏడో నిజాం కాలంలో కాస్త అటూ ఇటూగా ఒకేసారి కట్టిన ఈ రెండు భవనాలూ వందేళ్లుగా నది మీదుగా ఒకదాన్నొకటి చూస్తూ ఉన్నాయి. 2004 డిసెంబరులో ఆ హైకోర్టు ముందుకు ఒక తల్లి పిటిషన్ వచ్చింది. ఆమె కొడుక్కి 25 ఏళ్లు. చదరంగం ఆటగాడు. డుషెన్ మస్క్యులర్ డిస్ట్రొఫీ అనే జబ్బుతో పుట్టాడు. ఈ జబ్బులో కండరాలు ఒక్కొక్కటే బలం కోల్పోతాయి. మొదట నడక పోతుంది, తర్వాత చేతులు, చివరికి ఊపిరి ఆడించే కండరాలు. నగరంలోని ఒక ఆసుపత్రిలో వెంటిలేటర్ మీద ఉన్న ఆ యువకుడు కోరింది ఒక్కటే. చావు ఎలాగూ దగ్గరపడింది, ఇన్ఫెక్షన్ సోకి అవయవాలు పాడవకముందే ఈ మిషన్ తీసేసి వాటిని అవసరమున్న వాళ్లకు ఇవ్వనివ్వండి అని.

కోర్టు ఒప్పుకోలేదు. 1994 నాటి అవయవ మార్పిడి చట్టం ప్రకారం మెదడు పూర్తిగా పనిచేయడం మానేసి (బ్రెయిన్ డెత్) గానీ, గుండె ఆగి గానీ మనిషి చనిపోయాడని వైద్యులు నిర్ధారించాకే అవయవాలు తీసుకోవాలి. అవయవాల కోసం ముందుగా ప్రాణం పోనివ్వడానికి చట్టంలో చోటు లేదు. కొద్ది రోజులకే ఆ యువకుడు చనిపోయాడు. కళ్లు మాత్రం దానం చేయగలిగారు.

ఇరవై ఏళ్లు దాటినా ఈ కేసు దగ్గరే చర్చ మొదలుపెట్టడానికి కారణం ఉంది. ఇక్కడ కోరిక రోగిది. తల్లి దాన్ని కోర్టుదాకా మోసుకెళ్లింది, అంతే. మన దేశంలో ఈ విషయం మీద కోర్టుల దాకా వెళ్లిన కేసుల్లో ఇలాంటివి చాలా తక్కువ. మిగతా వాటిలో మంచం మీద ఉన్న మనిషి మాట్లాడలేదు, వాళ్ల తరఫున ఇంకెవరో మాట్లాడారు. స్వచ్ఛంద కారుణ్య మరణం అన్న మాటలో బరువంతా మొదటి పదం మీదే ఉంది. ఆ పదం నిజమో కాదో ఎలా తేల్చాలన్నదే అసలు చిక్కు. చట్టం కానీ, నీతి చర్చ కానీ చివరికి తిరిగి తిరిగి అక్కడికే వస్తాయి.

ముందు మాటల గందరగోళం కొంత విడదీసుకోవాలి. మెర్సీ కిల్లింగ్ అని మనం ఒకే పేరుతో పిలిచేవి నిజానికి వేరు వేరు. రోగి కోరితే వైద్యుడే మందు ఇచ్చి ప్రాణం తీయడం ఒకటి. వైద్యుడు మందు రాసిస్తే రోగే తన చేత్తో తీసుకోవడం ఇంకొకటి. వెంటిలేటర్, డయాలసిస్ లాంటివి ఆపేయడం, లేదా అసలు మొదలుపెట్టకపోవడం మూడోది. దీన్నే కోర్టులు పాసివ్ యుథనేషియా అన్నాయి. నొప్పి భరించలేని క్యాన్సర్ రోగికి మార్ఫిన్ ఇవ్వడం వీటిలో దేని కిందికీ రాదు, అది కేవలం వైద్యం. చాలా కుటుంబాలు, అప్పుడప్పుడు కొందరు వైద్యులు కూడా దాన్ని మొదటిదానితో కలిపేసి భయపడతారు. ఆ భయం వల్ల రోగులు అనవసరంగా నరకం చూస్తున్నారు.

మొదటి రెండూ మన దేశంలో నేరాలే. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత కూడా పాత శిక్షాస్మృతి దారిలోనే నడిచింది. 18 ఏళ్లు దాటిన మనిషి తన ఇష్టంతోనే ప్రాణం తీయించుకున్నా, తీసినవాడి మీద హత్య కేసు పడదు కానీ, హత్యగా పరిగణించని నరహత్య కింద శిక్ష పడుతుంది. ఆత్మహత్యకు సాయం చేస్తే పదేళ్ల వరకు జైలు. అదే సమయంలో, ఆత్మహత్యకు ప్రయత్నించిన వాళ్లను శిక్షించే పాత 309 సెక్షన్‌ను కొత్త చట్టంలోకి తీసుకోలేదు. 2017 మానసిక ఆరోగ్య చట్టం అప్పటికే అలాంటి మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడని భావించాలని, శిక్ష బదులు చికిత్స ఇవ్వాలని చెప్పింది. చనిపోవాలనుకున్న మనిషిని రోగిగా చూడడం నేర్చుకున్న చట్టం, అతనికి చేయి అందించినవాడిని ఇంకా నేరస్థుడిగానే చూస్తోంది. ఇందులో వైరుధ్యం ఉందని కొందరు వాదిస్తారు. కానీ ఆ చేయి ప్రేమతో అందించినదో, ఆస్తి కోసం అందించినదో బయటివాళ్లకు తెలియదు. చట్టం కఠినంగా ఉండడానికి ఆ ఒక్క కారణం చాలు.

కోర్టుల దారి మాత్రం సూటిగా సాగలేదు. 309 సెక్షన్ చెల్లదని 1980లలో బాంబే హైకోర్టు అంటే, చెల్లుతుందని దాదాపు అదే కాలంలో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు హైదరాబాద్‌లో తేల్చింది. 1994లో సుప్రీంకోర్టు ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం చనిపోయే హక్కు కూడా ఉందంది. 1996లో జ్ఞాన్ కౌర్ కేసులో ఐదుగురు న్యాయమూర్తులు దాన్ని కొట్టేశారు. జీవించే హక్కులో చనిపోయే హక్కు లేదన్నారు. అయితే ఆ తీర్పులోనే ఒక చిన్న తలుపు తెరిచి ఉంచారు. చావు ఎలాగూ మొదలైపోయిన మనిషి గౌరవంగా వెళ్లిపోవడం వేరు, ఆయుష్షు ఉండగా దాన్ని తుంచేయడం వేరు అన్నారు. తర్వాత వచ్చినవన్నీ ఆ తలుపులోంచి వచ్చినవే.

అరుణా శాన్‌బాగ్ సంగతి చాలామందికి తెలుసు. ముంబయి కేఈఎం ఆసుపత్రి నర్సు. 1973 నవంబరులో ఆసుపత్రిలోనే జరిగిన దాడిలో మెదడు దెబ్బతిని మంచాన పడింది. ఆమెకు ఆహారం ఆపేసి ప్రశాంతంగా వెళ్లిపోనివ్వాలని పాత్రికేయురాలు పింకీ విరానీ సుప్రీంకోర్టుకు వెళ్లారు. దశాబ్దాలుగా ఆమెను కన్నబిడ్డలా చూసుకుంటున్న నర్సులు ఒప్పుకోలేదు. 2011 మార్చి 7న కోర్టు పాసివ్ యుథనేషియాకు హైకోర్టు అనుమతితో దారి ఇచ్చింది కానీ, అరుణ విషయంలో మాత్రం పిటిషన్ కొట్టేసింది. ఆమె తరఫున మాట్లాడే హక్కు రోజూ స్నానం చేయించి, అన్నం తినిపించే సిబ్బందిదేనని చెప్పింది. 2015 మే 18న న్యుమోనియాతో అరుణ చనిపోయే నాటికి దాడి జరిగి 41 ఏళ్లు దాటింది. ఈ తీర్పులో చట్టపరమైన సూత్రం కంటే ఈ ఒక్క విషయం ముఖ్యంగా అనిపిస్తుంది: మాట్లాడలేని మనిషి మాట ఎవరి నోట వినాలన్నదానికి కోర్టు, సేవ చేస్తున్న చేతుల వైపు చూసింది.

2018 మార్చి 9న కామన్ కాజ్ అనే సంస్థ వేసిన కేసులో ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఇంకో అడుగు వేసింది. గౌరవంగా మరణించే హక్కు రాజ్యాంగంలోని 21వ అధికరణలో భాగమేనని చెప్పి, లివింగ్ విల్‌కు చట్టబద్ధత ఇచ్చింది. అంటే రేపు స్పృహ లేని స్థితిలో, కోలుకునే ఆశ లేకుండా పడి ఉంటే తనకు ఏ చికిత్స చేయాలో, ఏది వద్దో ఒంట్లో బాగున్నప్పుడే రాసి పెట్టుకోవడం. పద్ధతి మాత్రం కష్టంగా తయారైంది. పత్రం మీద మేజిస్ట్రేట్ సంతకం కావాలి, చికిత్స ఆపే ముందు మేజిస్ట్రేటే ఆసుపత్రికి రావాలి. ఆచరణలో అది నడిచే పని కాదని ఐసీయూ వైద్యులే మళ్లీ కోర్టుకు చెప్పుకోవాల్సి వచ్చింది. 2023 జనవరి 24న సుప్రీంకోర్టు దాన్ని సులువు చేసింది.

ఇప్పుడు 18 ఏళ్లు నిండి, మతి స్థిమితంగా ఉన్న ఎవరైనా ఇద్దరు సాక్షుల ముందు ఈ పత్రం రాసి, నోటరీ దగ్గరో గెజిటెడ్ అధికారి దగ్గరో ధ్రువీకరించుకోవచ్చు. తన తరఫున నిర్ణయం తీసుకునేవాళ్లుగా ఒకరి కంటే ఎక్కువ మంది పేర్లు రాయవచ్చు. ఒక కాపీ ఫ్యామిలీ డాక్టరుకు, ఒకటి స్థానిక సంస్థ నియమించిన అధికారికి. తీరా అవసరం వచ్చినప్పుడు చికిత్స చేస్తున్న వైద్యుడు, కనీసం ఐదేళ్ల అనుభవమున్న మరో ఇద్దరు నిపుణులు కలిసి మొదటి బోర్డుగా కూర్చుంటారు. తర్వాత జిల్లా ముఖ్య వైద్యాధికారి పంపిన వైద్యుడు ఉండే రెండో బోర్డు చూస్తుంది. ఒక్కో బోర్డు వీలైనంత వరకు 48 గంటల్లో చెప్పాలి. ఇద్దరూ సరేనంటే మేజిస్ట్రేట్‌కు తెలియజేసి చికిత్స ఆపవచ్చు. కాదంటే హైకోర్టు ఉంది. లివింగ్ విల్ లేకపోతే కుటుంబం సమ్మతితో ఇదే దారి.

కర్ణాటక ప్రభుత్వం 2025 జనవరిలో ఈ తీర్పును అమలు చేస్తూ సర్క్యులర్ ఇచ్చింది. గోవాలో 2024లో బాంబే హైకోర్టు న్యాయమూర్తి ఒకరు తన లివింగ్ విల్ తానే నమోదు చేయించుకున్నారు. కేంద్ర ఆరోగ్య శాఖ కూడా 2024లో ముసాయిదా మార్గదర్శకాలు బయటపెట్టింది. కాగితం మీద దారి ఉంది.

ఆ దారిలో మనవాళ్లు ఎందుకు నడవడం లేదన్నది చూడాలంటే ఇంట్లోకి రావాలి. తెలుగు ఇళ్లలో పెద్దవాళ్లు చావు గురించి మాట్లాడనే మాట్లాడరనుకోవడం పొరపాటు. రోజూ మాట్లాడతారు. "మంచాన పడకుండా పోవాలి", "ఒకరి చేత చేయించుకోకుండా వెళ్లిపోవాలి", "తిరుగుతూ తిరుగుతూ దాటిపోవాలి" అంటారు. గుళ్లో దండం పెట్టుకుని అనాయాస మరణం ఇవ్వమని అడుగుతారు. పిల్లలే ఆ మాట సాగనివ్వరు. "అశుభం మాట్లాడకమ్మా" అని కసురుతారు. దాంతో ఆ కోరిక దేవుడికి చెప్పుకున్న మాటగానే మిగిలిపోతుంది, ఇంట్లోవాళ్లకు చెప్పిన మాట అవదు. ఆ తర్వాత ఒక రాత్రి స్ట్రోక్ వస్తుంది, 108 వస్తుంది, తెల్లారేసరికి గొంతులో గొట్టం ఉంటుంది. అప్పటికి అమ్మ ఏం కోరుకుందో చెప్పమంటే పిల్లలు తలా ఒక రకంగా చెబుతారు. పెద్దబ్బాయి అమెరికా నుంచి వచ్చేదాకా వెంటిలేటర్ మీదే ఉంచండి అని ఒకరు. ఎంత ఖర్చయినా సరే చివరిదాకా చూడాలి, లేకపోతే నలుగురూ ఏమనుకుంటారు అని ఒకరు. ఈ మాటల్లో అమ్మ మాట ఏదో ఎవరికీ తెలియదు.

హైదరాబాద్‌లోని పెద్ద ఆసుపత్రుల ఐసీయూల బయట జరిగే నిర్ణయాల్లో చాలా భాగం ఈ కోర్టు పద్ధతిలో జరగవు. వాటికి ఆసుపత్రి భాషలో వేరే పేరుంది, లామా. వైద్యుల సలహా కాదని వెళ్లిపోతున్నాం అని సంతకం పెట్టి రోగిని తీసుకెళ్లడం. పదో రోజో పన్నెండో రోజో బిల్లు కౌంటర్ నుంచి మళ్లీ పిలుపు వస్తుంది. ఆరోగ్యశ్రీ పరిమితిని తెలంగాణలో 2023 డిసెంబరులో పది లక్షలకు పెంచారు, అది ఎన్నో కుటుంబాలను ఆదుకుంది కూడా. కానీ పథకం కిందకు రాని చికిత్స, పథకంలో లేని ఆసుపత్రి, కార్డు లేని ఇల్లు ఇంకా ఉన్నాయి. బంగారం అయిపోయాక, పొలం బేరం పెట్టాక, "ఇంక మీ ఇష్టం" అని డాక్టరు నెమ్మదిగా అన్నాక ఇంటి మగవాళ్లు కారిడార్ చివర నిలబడి మాట్లాడుకుంటారు. తర్వాత అంబులెన్సు మాట్లాడుకుంటారు. ఊపిరి ఉండగా ఊరు చేర్చమంటారు. దారి పొడవునా ఎవరో ఒకరు చేత్తో ఊపిరి అందించే అంబు బ్యాగు నొక్కుతూ ఉంటారు. నల్గొండ రోడ్డు మీదో, మెదక్ దారిలోనో ఆ చేయి ఆగిపోతుంది. లేదంటే ఇల్లు చేరి, నోట్లో తులసి తీర్థం పోశాక ఆగుతుంది.

ఇది చట్టం దృష్టిలో కారుణ్య మరణం కాదు, డిశ్చార్జి. బోర్డు లేదు, 48 గంటల గడువు లేదు, మేజిస్ట్రేట్‌కు సమాచారం లేదు. చట్టం ఎన్ని జాగ్రత్తలు రాసిందో అన్నీ ఇక్కడ గాలికి పోతాయి. అంతకంటే బాధాకరమైనది, ఆ ప్రయాణంలో రోగికి నొప్పి తగ్గించే మందు ఉండదు. ఊపిరి ఆడక గిలగిలలాడే ఆఖరి గంటల్లో పక్కన నర్సు ఉండదు. ఇంట్లో చనిపోవాలన్న కోరిక న్యాయమైనది. చాలామందికి ఆసుపత్రి గోడల మధ్య కంటే తమ మంచం మీద, తమవాళ్ల మధ్య పోవడమే ఇష్టం. ఆ కోరికను తీర్చే వైద్యం మన దగ్గర లేకపోవడం వల్ల, డబ్బు అయిపోవడమే ఆ కోరికను అమలు చేస్తోంది. కుటుంబాలను తప్పుపట్టే విషయం కాదిది. వాళ్లు జీవితాంతం ఆ సంతకాన్ని మోస్తారు. రెండు రోజుల ముందే ఒక వైద్యుడు కూర్చోబెట్టి, ఇంక నయం కాదు, కానీ బాధ లేకుండా చూడగలం అని చెప్పి ఉంటే ఆ సంతకం అవసరమే ఉండేది కాదు.

ఇంకో రకం కోరిక కూడా మన పత్రికల్లో తరచుగా కనిపిస్తుంది. కలెక్టరేట్ ప్రజావాణికి ఒక కుటుంబం వస్తుంది. "మా సమస్య తీర్చండి, లేదా కారుణ్య మరణానికి అనుమతివ్వండి" అని అర్జీ. జబ్బు ఉండొచ్చు, లేకపోవచ్చు. భూమి పట్టా రాకపోవడం, పింఛను ఆగిపోవడం, వికలాంగుడైన కొడుక్కి చికిత్స చేయించలేకపోవడం, అర్జీల్లో ఉండేవి ఇవి. చావు గురించిన అర్జీలా కనబడుతుంది కానీ అది బతకనివ్వమని అడిగే అర్జీ. 2016లో చిత్తూరు జిల్లా తంబళ్లపల్లె కోర్టుకు తల్లిదండ్రులు ఎనిమిది నెలల బిడ్డ కోసం ఇలాగే వెళ్లారు. కాలేయ జబ్బు, మార్పిడి చేయించే స్తోమత లేదు, కాబట్టి బిడ్డ మరణానికి అనుమతివ్వమని. వార్త బయటికొచ్చాక ప్రభుత్వం ఖర్చు భరిస్తానంది. శస్త్రచికిత్స జరిగింది. డబ్బు రాగానే ఆ కోరిక అక్కడితో ముగిసిపోయింది. పసిబిడ్డ విషయంలో స్వచ్ఛందం అన్న మాట వర్తించదు, నిజమే. కానీ చావు కోరే ప్రతి అర్జీ ముందు మొదట అడగాల్సిన ప్రశ్నను ఆ కేసు మన ముందు పెట్టింది. ఏది ఇస్తే ఈ మనిషి ఈ కోరిక వెనక్కి తీసుకుంటాడు?

కొందరు ఏది ఇచ్చినా వెనక్కి తీసుకోరు. ఆ సంగతి నిజాయితీగా ఒప్పుకోకపోతే ఈ చర్చ అబద్ధమవుతుంది. మోటార్ న్యూరాన్ జబ్బు ఉన్న మనిషికి మనసు చురుగ్గా ఉండగానే చేయి, కాలు, మాట, మింగడం ఒక్కొక్కటే పోతాయి. మంచి వైద్యం, ప్రేమించే కుటుంబం, డబ్బు అన్నీ ఉన్నా, ఇంక చాలు అని ఆ మనిషి అనవచ్చు. అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రంలో ఆరు నెలల్లోపు చనిపోతారని వైద్యులు చెప్పిన వాళ్లు మందు అడిగి తీసుకునే చట్టం 1997 నుంచి అమల్లో ఉంది. అక్కడ ఏటా ఇచ్చే నివేదికల్లో జనం చెప్పే కారణాల్లో నొప్పి ముందు వరసలో ఉండదు. తన పనులు తాను చేసుకోలేకపోవడం, ఇష్టమైనవి చేయలేకపోవడం ముందుంటాయి. మార్ఫిన్ ఇస్తే అన్నీ సర్దుకుంటాయనే వాదన ఇక్కడ నిలబడదు. "ఒకరి చేత చేయించుకోకుండా పోవాలి" అనే మన అమ్మమ్మల మాట కూడా ఇదే. అందులో నొప్పి ఊసే లేదు. ఉన్నది మర్యాద గురించి.

ఇలాంటి మనిషికి ఇప్పుడున్న చట్టం అన్యాయం చేస్తుందన్న వాదనలో బలం ఉంది. వెంటిలేటర్ మీద ఉన్న రోగికి దాన్ని వద్దనే హక్కు ఉంది, గంటల్లో ముగిసిపోతుంది. వెంటిలేటర్ దాకా రాని క్యాన్సర్ రోగికి, అంతకంటే ఎక్కువ బాధపడుతున్నా, ఆ దారి లేదు. మిషన్ ఉండడం, లేకపోవడం మీద ఒకరి హక్కు ఆధారపడడం ఏం న్యాయం? ముక్కులోంచి వేసిన ఆహార గొట్టం దగ్గర ఈ గీత ఇంకా మసకబారుతుంది. దాన్ని తీయడం వైద్యం ఆపడమా, అన్నం ఆపడమా? నయం కాని జబ్బుల్లో బాధ తగ్గించే వైద్యం చేసే పాలియేటివ్ వైద్యులు దాన్ని చికిత్సే అంటారు. మన ఇళ్లలో మాత్రం ఆకలితో చంపడమంటే ఒప్పుకునేవాళ్లు ఉండరు.

అయినా ఆ గీతను పూర్తిగా చెరిపేయకూడదనే అనిపిస్తుంది. నా ఒంటి మీద ఈ చికిత్స వద్దు అనడం నా శరీరం మీద నాకున్న హక్కు. నన్ను చంపు అనడం ఇంకొకరి చేతుల మీద నేను అడిగే హక్కు. మొదటిది నాతో ఆగిపోతుంది, రెండోదానికి ఒక వైద్యుడు, ఒక ఆసుపత్రి, ఒక ప్రభుత్వం భాగస్వాములవ్వాలి. కారుణ్య మరణం జరిపించడం వైద్య నీతికి విరుద్ధమని మన వైద్య మండలి 2002 నియమావళి రాసింది. అది పాతబడిన నియమం అనిపించవచ్చు కానీ, దాని వెనుక ఉన్న భయం పాతది కాదు.

ఆ భయం ఏమిటో 2007 నాటి తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టం చూస్తే అర్థమవుతుంది. ఆస్తి రాయించుకున్నాక తిండి పెట్టని పిల్లల దగ్గర్నుంచి ఆ ఆస్తిని తిరిగి తీసుకునే వీలు అందులో ఉంది. అలాంటి సెక్షన్ అవసరమైన సమాజం ఇది. ఆ ఇంట్లో ముసలావిడ "నాకు చాలు, పంపించేయండి" అంటే అది ఎవరి మాట? కోడలు విసుక్కున్న మాటా, మందుల ఖర్చు లెక్కపెట్టిన కొడుకు నిట్టూర్పా, ఆమె సొంత నిర్ణయమా? ఎవరూ బలవంతం చేయకపోయినా, భారమయ్యానన్న దిగులే బలవంతం చేస్తుంది. డిప్రెషన్ ఇంకో పొర. దీర్ఘకాలపు జబ్బుల్లో అది మామూలే, చాలామందిలో చికిత్సకు లొంగుతుంది, చికిత్స తర్వాత చావాలన్న కోరిక తగ్గిపోతుంది. చనిపోవాలనిపిస్తోందని చెప్పిన రోగి మాటను ముందు నొప్పిగా వినాలి, అవసరమైతే మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లాలి. ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416 తెలుగులో కూడా పలుకుతుంది.

నెదర్లాండ్స్ 2002లో చట్టం తెచ్చింది. రోగి స్వయంగా, ఆలోచించి అడగాలి, బాధ భరించలేనిదై ఉండాలి, వేరే దారి ఉండకూడదు, ఇంకో స్వతంత్ర వైద్యుడు చూడాలి, ప్రతి కేసునూ తర్వాత కమిటీ పరిశీలిస్తుంది. బెల్జియం, స్పెయిన్, న్యూజిలాండ్ తమ తమ పద్ధతుల్లో ఆ దారి పట్టాయి. స్విట్జర్లాండ్‌లో స్వార్థం లేకుండా సాయం చేస్తే నేరం కాదు. కెనడా 2016లో చావు దగ్గరపడ్డ వాళ్లకోసం మొదలుపెట్టి, 2021లో చావు దగ్గర్లో లేనివాళ్లకూ విస్తరించింది. 2023లో అక్కడ 15,343 మంది ఈ పద్ధతిలో చనిపోయారు, మొత్తం మరణాల్లో అది 4.7 శాతం. ఇల్లు దొరకని, సరైన సాయం అందని వికలాంగులు దీన్ని అడుగుతున్నారన్న ఆందోళన అక్కడి వికలాంగుల సంఘాలే లేవనెత్తాయి. అందరికీ ప్రభుత్వ వైద్యం ఉన్న దేశంలోనే ఆ ఆందోళన వస్తే, బిల్లు కట్టలేక లామా సంతకం పెట్టే చోట ఏం జరుగుతుందో ఊహించడానికి పెద్ద కష్టం అక్కర్లేదు.

అందుకే, సూత్రంగా ఆ హక్కును కాదనలేకపోయినా, ఇక్కడ ఇప్పుడు వైద్యుడి చేత ప్రాణం తీయించే చట్టం తేవడం తొందరపాటవుతుంది. ముందు రావాల్సినవి వేరే ఉన్నాయి. ప్రపంచంలో పాలియేటివ్ కేర్ అవసరమైన వాళ్లలో 14 శాతానికే అది అందుతోందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మార్ఫిన్ ఖరీదైన మందు కాదు. 1985 మాదకద్రవ్యాల చట్టం పెట్టిన లైసెన్సుల గొడవకు భయపడి ఆసుపత్రులు దాన్ని ఉంచడమే మానేశాయి. 2014 సవరణ ఆ చిక్కు చాలావరకు విప్పింది. కానీ అప్పటికే దాన్ని రాయడం తెలియని వైద్యుల తరాలు తయారయ్యాయి. హైదరాబాద్ ఈ విషయంలో మిగతా చోట్లకంటే కొంత మెరుగు. రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో పాలియేటివ్ విభాగం ఏళ్లుగా పనిచేస్తోంది. స్పర్శ్ హాస్పిస్ 2011 నుంచి ఆఖరి దశ రోగులను ఉచితంగా చూస్తోంది. రాష్ట్రంలో జిల్లా ఆసుపత్రుల్లోనూ పాలియేటివ్ కేంద్రాలు పెట్టారు. అయినా క్యాన్సర్ కాని జబ్బులకు, గుండె, కిడ్నీ, మతిమరుపు జబ్బుల ఆఖరి దశకు ఈ సేవ ఉంటుందని తెలిసిన కుటుంబాలు తక్కువ. ఐసీయూ నుంచి ఇంటికి వెళ్లే అంబులెన్సులో ఒక పాలియేటివ్ నర్సు, ఒక మందుల సంచి, రాత్రి ఫోన్ చేస్తే పలికే ఒక వైద్యుడు ఉంటే లామా అనే పేరుతో జరిగే చావుల తీరే మారుతుంది. దీనికి కొత్త చట్టమేమీ అక్కర్లేదు.

లివింగ్ విల్‌కూ అంతే. నోటరీ దగ్గర ఇల్లు అద్దె అగ్రిమెంటు రాయించుకున్నంత సులువుగా రాయించుకోవచ్చు. కష్టమంతా దానికి ముందు జరగాల్సిన సంభాషణలో ఉంది. నాన్నకు బీపీ మాత్రలు వేసే వయసు వచ్చినప్పుడే, ఒంట్లో బాగున్న ఒక ఆదివారం మధ్యాహ్నం, "నాన్నా, నీకు అట్లా అయితే ఏం చేయమంటావ్" అని అడగడానికి నోరు రావాలి. ఆయన చెప్పింది నచ్చకపోయినా రాసుకోవాలి. అన్నీ చేయండి, చివరిదాకా ప్రయత్నించండి అని ఆయన అంటే అదీ లివింగ్ విల్లే.

2004లో హైకోర్టు కాదన్న ఆ యువకుడి కోరికను ఈ రోజు ముందు పెడితే సగం నెరవేరుతుంది. 18 ఏళ్లు నిండి, స్పృహలో ఉన్న మనిషి వెంటిలేటర్‌ను వద్దనవచ్చని 2018 తీర్పు స్పష్టంగా చెప్పింది, దానికి తల్లి కోర్టుకు వెళ్లనక్కర్లేదు. మిగతా సగం ఇంకా కష్టమే. వెంటిలేటర్ తీశాక గుండె ఆగుతుంది, ఆగిన నిమిషాల్లోనే లోపలి అవయవాలు దెబ్బతినడం మొదలవుతుంది. గుండె ఆగాక కూడా అవయవాలు తీసుకోవడానికి చట్టం అడ్డు కాదు కానీ, ఆ ఏర్పాటు ఉన్న ఆసుపత్రులు మన దేశంలో అరుదు. కళ్లు మాత్రం కొన్ని గంటల పాటు పనికొస్తాయి. అప్పుడూ ఇవ్వగలిగినవి అవే.